పన్నెండో గది ఫోను

మా ఐసీయూలో పన్నెండో గదికి మంచి పేరు లేదు. మంచం ఖాళీగా ఉన్న రాత్రుల్లో కూడా అక్కణ్ణుంచి డాక్టర్లకు ఫోన్లు వెళ్తాయి. ఆడగొంతు... పేరు చెప్పదు. ఫలానా మంచం దగ్గరికి వచ్చి చూడండి అంటుంది — పెట్టేస్తుంది.

అది మార్గరెట్ అనే నర్సు దెయ్యమని చెప్పుకుంటారు. ఒక డాక్టరుకు మూడుసార్లు ఫోన్ చేసి తిట్లు తిన్నదట. నాలుగోసారి చేయడానికి జంకిందట. తెల్లారేసరికి పేషెంటు పోయాడు. ఆ చలికాలంలోనే ఆమె కూడా పోయింది.

ఆ గొంతు ఎన్నడూ తప్పు చెప్పలేదు. మనిషి చెబితే కదలనివాళ్లు దెయ్యం చెబితే పరిగెత్తుకొస్తారు. మా డాక్టర్ల తెలివి అలాంటిది మరి.

నా పేరు ఐరీన్. రాత్రి డ్యూటీకి పెద్ద నర్సుని. పోయిన ఫిబ్రవరిలో టెస్ అనే అమ్మాయి మా దగ్గర కొత్త నర్సు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ రాత్రి ఊరి పక్కనున్న సుపీరియర్ సరస్సు మీది గాలి కిటికీలను బాదుతోంది. టెస్ చూసుకుంటున్నది వాల్టర్ బూషే అనే ధాన్యం గిడ్డంగి పనివాణ్ణి. ఆ మధ్యాహ్నమే కడుపు ఆపరేషన్ అయింది.

ఒంటిగంటకు బూషే నాడి వేగం పెరిగింది. మూత్రం తగ్గింది. చేతులు చల్లబడ్డాయి... బీపీ మాత్రం నిలకడగానే ఉంది. టెస్ ఆపరేషన్ చేసిన సర్జన్ ప్రైస్‌కు ఫోన్ చేసి తన పేరు, పేషెంటు పేరు, తాను చూసినది, లోపల రక్తం కారుతోందేమోనన్న అనుమానం వరసగా చెప్పింది. ఆయన బీపీ ఎంతని మాత్రం అడిగి, నొప్పికి మందివ్వమని పెట్టేశాడు.

రెండింటికి కడుపు బిగిసింది. మళ్ళీ చేసింది.

"అమ్మాయ్, బీపీ పడిపోతే చెయ్. ఇంకోసారి ఊరికే లేపావో, పొద్దున్నే నీ మీద ఫిర్యాదు రాసిస్తాను."

పక్కనున్న నాకూ వినబడింది. టెస్ బూషే దగ్గరికి వెళ్లింది.

"నేను పోతున్నానా?" అని ఆయన గుసగుసగా అడిగాడట.

పావుగంట గడిచింది... తలుపు ధడాలున తెరుచుకుంది. ప్రైస్. బూట్ల నిండా మంచు, ముఖంలో నెత్తురు లేదు.

"పన్నెండులోంచి చేసిందెవరు?"

పన్నెండో గదిలో దీపం లేదు. దుప్పటి నలగలేదు. ఆయన అటు ఒక్కసారి చూసి, బూషే కడుపు మీద చెయ్యి వేశాడు. ఇరవై నిమిషాల్లో ఆపరేషన్ బల్ల మీదికి తీసుకెళ్లారు. కడుపులో లీటరున్నర రక్తం ఉంది. మనిషి బతికాడు.

తెల్లవారుజామున ప్రైస్ తిరిగొచ్చి మళ్ళీ అదే అడిగాడు. ఇలాంటప్పుడు మాకో ఆనవాయితీ ఉంది. పన్నెండు ఖాళీగా ఉంది డాక్టర్, అనాలి. అంతే, ఎవరి మీదా కాగితం రాదు. దెయ్యం మీద ఎవడు రాసిస్తాడు? నేను నోరు తెరవబోయాను...

"నేనే చేశాను," అంది టెస్. "రెండుసార్లు నా పేరు చెప్పి చేస్తే మీరు రాలేదు. మూడోసారి చెప్పకుండా చేస్తే వచ్చారు. రాసుకోండి."

ఆ పిల్లకున్న ధైర్యం ఇరవై ఏళ్లలో నాకెందుకు లేకపోయిందని సిగ్గేసింది. ఆ వెనకే ఈ డాక్టర్ల మీద కోపమొచ్చింది.

"నవంబరులో చేసింది నేను," అంది మందులు సర్దుతున్న ఇంకో నర్సు గ్వెన్, తల తిప్పకుండానే.

"అంతకుముందువి చాలామటుకు నావే," అన్నాను. "మార్గరెట్ అనే నర్సు ఇక్కడ ఎప్పుడూ పనిచేయలేదు డాక్టర్. ఆవిణ్ణి పుట్టించింది మేమే. ఇవాళ్టితో ఆవిడ పోయింది. రేపట్నుంచి మా పేర్లతోనే చేస్తాం... లేచి రండి."