పొద్దుగూకేదాక ఏడ్వకు

మంచిర్యాలలో మే నెల మధ్యాహ్నం దెయ్యాలు కూడా కూలర్ ముందు నుంచి లేవవని మా బడి పిల్లలతో అనేదాన్ని. నేను లెక్కల టీచర్‌ని. దెయ్యాలను లెక్కలోకి తీసుకునే అలవాటు నాకు లేదు. భయపడాలంటే చీకటి ఉండాలని, అర్ధరాత్రి కుక్కలు ఏడవాలని అనుకునేవాళ్లకు ఒకటే చెప్తాను. నాకు జరిగింది ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు జరిగింది.

నా భర్త భానుప్రసాద్ చిత్రకారుడు. మొదట కుంచెతో వేసేవాడు, తర్వాత కంప్యూటర్‌కు మారాడు. ఆ ఏడాది ఒక ట్రస్టు వాళ్లు దేశాల మధ్య కళాకారుల్ని మార్చుకునే పథకంలో ఆయన్ని తీసుకున్నారు. లాత్వియా నుంచి ఇంగా అనే అమ్మాయి వచ్చి మా ఊళ్లో ఉండి పని చేస్తుంది. ఆ తర్వాత ఈయన వాళ్ల దేశం వెళ్తాడు. కొత్త సాంకేతికతతో కళ ఎట్లా చేయాలో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలి. గోదావరి వైపు మూతబడ్డ ఫంక్షన్ హాలు ఒకటి వాళ్లకిచ్చారు. పెళ్లి జంటలు కూర్చునే వేదిక మీద కంప్యూటర్లు పెట్టుకున్నారు.

ఇంగా పట్టుకున్న విషయం ఏడుపు. మా దిక్కు ఆడవాళ్లు శవం దగ్గర ఊరికే ఏడవరు. పోయినవాడి బతుకంతా రాగం తీసి చెప్తారు, వాడినే ప్రశ్నలు అడుగుతారు. శోకం తీయడం అంటాం. ఆ గొంతును, ఆ చేతుల కదలికను కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని పోయి, తన దేశంలో ఒక గదిలో, జనం ఎటు నడిస్తే అటు ఏడుపు వినపడేలా చేస్తుందట.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది మీ కళ" అన్నాను.

భాను పడీపడీ నవ్వాడు. ఎంత వెక్కిరించినా నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే వెక్కిరించేదాన్ని.

లక్షెట్టిపేట అవతలి పల్లె నుంచి లింగవ్వను పిలిపించారు. చుట్టుపక్కల ఎవరింట్లో శవం లేచినా శోకం తీయడానికి ఆమె రావాల్సిందే. సన్నగా, నిటారుగా, కాస్త గర్వంగా ఉండే మనిషి. ఫోటో తీస్తారని పట్టుచీర కట్టుకుని వచ్చింది. మైకు చూసింది, లైట్లు చూసింది, ఖాళీ చాప చూసింది.

"పీనుగేది?" అంది.

భాను నచ్చజెప్పాడు. "ఉత్తగనే అవ్వా. గొంతు పట్టుకునేటందుకు."

"పీనుగ లేనిది శోకమెట్ల తియ్యాలె? గాలిని చూసి ఏడుస్తరా ఎవలన్న? నా గొంతు లెవ్వది."

ఇంగా మొహం వాడిపోయింది. మరునాడు ట్రస్టు పెద్దలు పని చూడడానికి వస్తున్నారు. భాను అటూ ఇటూ చూసి, చొక్కా విప్పేసి చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. "నేనే పీనుగ. నా పేరే పెట్టు అవ్వా." అని నా వైపు కన్ను గీటాడు. నాకూ నవ్వొచ్చింది. ఇంగా చప్పట్లు కొట్టి, ఆయన ఒంటికి బొత్తాల్లాంటి సెన్సర్లు అంటించింది. ఆయన కదిలితే తెరమీద చుక్కల మనిషి కదులుతాడు. తెల్లగుడ్డ కప్పారు. ఎవరో ఊదు కూడా ముట్టించారు.

లింగవ్వ తల దగ్గర కూర్చుంది. జుట్టు ముడి విప్పింది.

"ఓ నా కొడుకా... భానుప్రసాదా... నీ చెప్పులు గడపకాడనే ఉన్నయి గద కొడుకా... ఏం తొడుక్కోని పోతివి కొడుకా... కూర మాడుతుందని కేకేస్తుంది నీ పెండ్లాం... ఇనవా కొడుకా..."

హాల్లో ఎవరూ కదల్లేదు. ఆ గొంతు ముసలిదాని గొంతులా లేదు, నేల లోపలి నుంచి వస్తున్నట్టుంది. తెల్లగుడ్డ మొదట్లో ఊపిరికి పైకీ కిందికీ కదిలింది. తర్వాత కదలడం ఆగింది. నటిస్తున్నాడు, మొండివాడు, అనుకున్నాను.

శోకం ముగిసింది. భాను గుడ్డ తీసి లేచి కూర్చున్నాడు.

తెరమీద చుక్కల మనిషి లేవలేదు.

ఆయన నిలబడ్డాడు. నడిచాడు. తెరమీద వాడు అట్లాగే వెల్లకిలా పడి ఉన్నాడు. కంప్యూటర్ వెనకబడిందని ఇంగా అంది. అంటూనే సంబరంగా దాన్ని ఫోన్‌లో వీడియో తీసుకుంది. ఇంకొక్కసారి ఏడవమని లింగవ్వను అడగమంది.

"ఒక్క పీనుగకు ఒక్కసారే" అని లింగవ్వ బయట నల్లా దగ్గరికి పోయింది. కాళ్లూ చేతులూ కడుక్కుంది. నేను నీళ్ల సీసా ఇవ్వబోతే తీసుకోలేదు. నా మొహం చూడకుండానే గుసగుసగా చెప్పింది.

"మంది ఏడుపు పైపైన పోతది బిడ్డా. ఇంటిదాని కన్నీళ్లు పడితెనే పీనుగ పీనుగైతది. పొద్దుగూకేదాక ఏడ్వకు. ఏం జేసినా ఏడ్వకు. గంతే."

"ఏందవ్వా గీ మాటలు? ముందుగాల ఎందుకు చెప్పలే?"

"చెప్తె నన్ను ఏడ్వనిస్తుంటిరా?" అంది. ఆ మొహంలో జాలి లేదు. మంచి పని చేసి వచ్చిన మనిషి తృప్తి ఉంది. "నా బస్సుకు టైమైంది" అని వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. భానును ఆటో ఎక్కించుకుని ఇంటికి బయలుదేరాను. ఆ కోపంలో ఫోన్ హాల్లోనే మరిచిపోయాను. ఎండకు ఆటో డ్రైవర్ చొక్కా తడిసి ముద్దయింది. నాకు చెమట కళ్లలోకి కారుతోంది. ఆయన ఒంటి మీద ఒక్క చెమట చుక్క లేదు... ఆయన్నుంచి ఊదు వాసన వస్తోంది.

ఇంట్లో మంచం మీద కూర్చుని గోడ వైపు తిరిగాడు. మజ్జిగ తెచ్చిచ్చాను. తాగలేదు.

"వినోదా."

గొంతు ఆయనదే. కానీ అందులో హెచ్చూ తగ్గూ లేదు.

"బిడ్డ సంగతి నీకు చెప్పలే."

నాలుగేళ్ల కిందట మాకు పుట్టిన పాప. కడుపులోనే పోయిందని చెప్పారు. నాకు చూపించలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తం.

"పుట్టినంక జరసేపు బతికే ఉండె. పిల్లికూన లెక్క ఏడ్చింది. నా యేలు పట్టుకుంది. నువ్వు పండుకున్నవ్."

నేను గోడకు ఆనుకున్నాను. కళ్లు మండుతున్నాయి. లింగవ్వ మాట గుర్తొచ్చింది. నమ్మానో లేదో తెలీదు. కానీ ఈ మనిషి నా భాను కాదు, ఇది నన్ను ఏడిపించాలని చూస్తోంది అని మాత్రం తెలిసింది. భాను నాకు దక్కాలంటే నేను ఏడవకూడదు. నాకు చేతనైంది ఒక్కటే. పంతొమ్మిదో ఎక్కం మొదలుపెట్టాను. పైకే చదివాను.

"నీ లెక్కనే ఉండె" అంది ఆ గొంతు. "గదే ముక్కు. నిన్ను లేపుతమన్నరు. నేనే వద్దన్న."

పంతొమ్మిది నాలుగులు... పంతొమ్మిది ఐదులు...

"ఎవలికోసమో ఎదురుచూసినట్టు తలుపు దిక్కే చూసింది. ఎవలికోసం చూసిందంటవ్ వినోదా?"

నాలుక కొరుక్కున్నాను. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. చెవులు మూసుకున్నా వినిపిస్తోంది. పాప వేళ్లెట్లా ఉన్నాయో ఆ గొంతు చెప్పింది. ఏ గుడ్డలో చుట్టారో చెప్పింది. మట్టి కప్పుతున్నప్పుడు గుడ్డ ఎట్లా కదిలిందో... అది కూడా చెప్పింది. ఎంత నెమ్మదిగా చెప్పిందో! పుండు మీద కారం ఒక్కొక్క చిటికెడే చల్లినట్టు. నేను ఏడవలేదు. ఆడదాని కడుపుకోత ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు నేనేం చేశానో అర్థమవుతుంది. ఇరవయ్యో ఎక్కం, ఇరవైమూడు, ఇరవైతొమ్మిది. కిటికీ వైపే చూస్తూ చదివాను. ఎండ గోడ మీద నుంచి కదలనే కదలదు.

ఎంతసేపు గడిచిందో తెలీదు.

అప్పుడు వెలుగు తగ్గింది. గోడ మీది ఎండ పల్చబడి, ఎర్రబడి, పోయింది. ఫ్యాన్ ఆగింది. గది నల్లబడింది. మంచం మీద మనిషి ఆకారం కూడా కనపడలేదు. ఆ గొంతు ఆగిపోయింది. ఏదో ఊపిరి... పెద్దగా, నీళ్లలోంచి పైకి తేలినవాడి ఊపిరి.

"ఏమే టీచరమ్మా... ఆకలైతుంది. చీకట్ల ఏం జేస్తున్నవ్?"

భాను గొంతు. వెక్కిరింపు, చివర చిన్న నవ్వు, అన్నీ ఉన్నాయి. తడుముకుంటూ పోయి పట్టుకున్నాను. ఒళ్లంతా చెమట. వెచ్చగా ఉంది. గుండె కొట్టుకుంటోంది. వచ్చాడు. నా మొగుడు నాకు వచ్చాడు. అప్పుడు ఏడ్చాను. ఆయన రొమ్ము మీద మొహం పెట్టి, మధ్యాహ్నం నుంచి ఆపుకున్నదంతా వెక్కివెక్కి ఏడ్చాను. ఆనందంతో ఏడ్చాను. ఆయన నా తల నిమురుతున్నాడు.

బయట ఎక్కడో రేకులు ఎగిరి పడ్డ చప్పుడు. గాలి ఈల వేసి ఆగింది. కిటికీ సందుల్లోంచి సన్నగా దుమ్ము రాలుతోంది.

వెలుగు తిరిగి వచ్చింది.

మొదట పసుపుగా, తర్వాత తెల్లగా. గోడ మీద ఎండ ఎక్కడుందో అక్కడే ఉంది. గాలిదుమారం... పొద్దుగూకలేదు. దుమ్ము సూర్యుణ్ని కప్పింది. అంతే. అది పోయింది.

నా తల మీది చెయ్యి ఇంకా కదులుతోంది.

"ఏడువు" అన్నాడు మెల్లగా, చాలా ప్రేమగా. "ఇంక ఏడువు."

తల ఎత్తలేదు. మొహం చూడలేదు. ఆ చేతి కింద నుంచి జారి, పాకుతూ పోయి తలుపు గడియ తీశాను. ఎదురింటి వనజక్కను కేకేయాలని నోరు తెరిచాను. వీధంతా తలుపులు మూసుకుని ఉంది. ఎక్కడా మనిషి లేడు. పొగ వాసన వచ్చింది.

మా దిక్కు ఇంట్లో ప్రాణం పోతే వాకిట్లో పిడకల నిప్పు వేస్తారు. మా గుమ్మం ముందర ఆ నిప్పు ఉంది. ఆటో దిగి వచ్చినప్పుడు అది నా కంట పడలేదు. అంత దుమారానికి కూడా బూడిద రవ్వంత చెదరలేదు. వంగి చూశాను. పిడకలు అడుగుదాకా కాలిపోయి ఉన్నాయి. ఇప్పుడు రాజేసింది కాదు. లింగవ్వ శోకం తీయకముందే, పొద్దున మేమిద్దరం తాళం వేసి, నవ్వుకుంటూ హాలుకు బయలుదేరినప్పటి నుంచి కాలుతున్న నిప్పు అది.