గోరువెచ్చని నీళ్ళ టబ్బు

ఆదివారం పొద్దున ఏడు గంటలకే మగ్దలీనమ్మ వంటింటి మసాలా వాసన వీధి చివరిదాకా వెళ్ళింది. సాయంత్రం నాలుగింటికి వాళ్ళింట్లో కృతజ్ఞత కూడిక. ముత్తుకూరు దగ్గర ఆ పల్లెలో ఎవరింట్లో మంచి జరిగినా చర్చి సంఘాన్ని పిలిచి, ప్రార్థన చేయించి, నాలుగు మెతుకులు పెట్టడం మామూలే. కానీ ఈ కూడిక గురించి మగ్దలీనమ్మ నెల రోజులుగా చెప్పుకున్న తీరు వింటే, కోడలికి కలెక్టరు ఉద్యోగం వచ్చిందని కొత్తవాళ్ళు అనుకున్నా తప్పులేదు.

కోడలు అబిగయీలుకు వచ్చింది రొయ్యల కంపెనీలో సూపర్‌వైజరు పని. ఏడేళ్ళు లైన్లో నిలబడి రొయ్యల్ని సైజుల వారీగా వేరుచేసిన పిల్లను పోయిన నెల ఒకటో తేదీ నుంచి పొట్టు వలిచే సెక్షనుకు సూపర్‌వైజరును చేశారు. నీలం టోపీ పోయి తెల్ల టోపీ వచ్చింది. నలభై మంది ఆడవాళ్ళ పని చూడాలి. మగ్దలీనమ్మ కూడా ఒకప్పుడు వేరే కంపెనీలో పద్దెనిమిదేళ్ళు పొట్టు వలిచింది. ఐసు నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళు వంకర తిరిగాయి. ఇప్పటికీ పిడికిలి పూర్తిగా మూసుకోదు. అలాంటి ఇంట్లోంచి తెల్ల టోపీ పెట్టుకునే మనిషి వచ్చిందంటే ఆమె పొంగిపోదా మరి!

"సుశీలూ, చికెన్ తెచ్చేదానికి కూడా ముహూర్తం చూస్తా ఉండావా?" అని కొడుకు మీద కేకేసింది.

"కొట్టు తియ్యాల గదమా," అన్నాడు సుశీల్ కుమార్ మంచం మీద నుంచే. పోర్టులో టిప్పరు నడిపే అతనికి ఆదివారం ఒక్కటే నిద్ర.

మగ్దలీనమ్మ బైబిలు మీద పెట్టిన కొత్త కవరు తీసింది. వాళ్ళ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా జీతం పెరిగితే, మొదటి నెల పెరిగినంతా కవర్లో పెట్టి ప్రథమ ఫలంగా దేవునికిస్తారు. కవరు మీద అబిగయీలు పేరు అప్పుడే రాసి ఉంది.

"అబిగా, జీతం నిన్న పడింది గదా. పెరిగింది ఎంతో చెప్పుమే, పెట్టేద్దాం."

ఉల్లిపాయలు తరుగుతున్న అబిగయీలు తలెత్తలేదు. కళ్ళు తుడుచుకుంది. తరిగిన ఉల్లిపాయలు పక్కకు జరిపాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

"ఏందిమే? ఏమైంది?"

ఆమె లేచి వెళ్ళి జీతం చీటీ తెచ్చి భర్త చేతికిచ్చింది. సుశీల్ చదివి లేచి కూర్చున్నాడు.

"ఇదేంది, పద్నాలుగు వేల ఆరొందలేనా? ముందు నీకు పదహారు దాటేది గదా?"

"అప్పుడు షిఫ్టు దాటి చేస్తే ఓటీ డబ్బులిచ్చేవాళ్ళు. సూపర్‌వైజరంటే స్టాఫంట. స్టాఫుకి ఓటీ లేదంట. అందరికంటే ముందు పోవాల, నేలంతా కడిగించి అందరికంటే వెనక రావాల. ఎంతసేపున్నా జీతం ఇంతే."

"ముందే చెప్పలేదా వాళ్ళు?"

"చెప్పినారు. స్టాఫులోకి తీసుకుంటున్నామని చెప్పినారు. నేనే సంబరపడిపోయినా. పెద్ద పనిస్తే చేతికొచ్చేది తగ్గుతాదని ఎవురనుకుంటారు? ఓటీ లేదని వారం తర్వాత గానీ తెలియలా."

మగ్దలీనమ్మ కవరుతోనే నేలమీద కూలబడింది. ఆమెకు ముందు వచ్చింది బాధ కాదు, కోపం.

"తెలిసి కూడా నోరు మూసుకోనుండావా? చర్చిలో లేచి నిలబడి, పెరిగిందంతా ప్రభువుకే అని చెప్పినా గదమే! నన్ను అబద్ధాల మనిషిని చేస్తివే!"

"నన్నడిగి చెప్పినావా అత్తా? నువ్వు చెప్పి వచ్చినాక నేనేం చెప్పేది? నీ మొహంలో ఆ సంతోషం చూసినాక నాకు నోరు రాలా."

"సర్లే. పక్కింటి ఆదిశేషమ్మ కాడ రెండు వేలు చేబదులు తెస్తా. కవర్లో పెడదాం. ఎవురికీ తెలియదు."

"అప్పు తెచ్చి కృతజ్ఞత చెప్పేదేంది అత్తా? దేవునికి కూడా తెలియదా?"

అబిగయీలు బైబిల్లోంచి మడిచిన కాగితం ఒకటి తీసింది.

"రేపు మేనేజరుకు ఇచ్చేస్తా. నాకీ పని వద్దు, మళ్ళా లైన్లోకి పంపమని రాసినా. ఆ ఓటీ డబ్బుతోనే గదా మన సరుకులొచ్చేది."

"అదే మంచిది," అన్నాడు సుశీల్. "తెల్ల టోపీ చూపిస్తే కొట్లో బియ్యం ఇయ్యరు గదా."

మగ్దలీనమ్మ ఖాళీ కవరును చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకుని మసాలా దంచడానికి వెళ్ళిపోయింది. ఆ రోజు రోకలి చప్పుడు మామూలుకంటే గట్టిగానే వినిపించింది.

సాయంత్రం ఇంటి ముందు షామియానా కింద సంఘమంతా కూర్చున్నారు. పాస్టరు వచ్చారు; పేరు సమాధానం, అందరికీ అయ్యగారు. రెండు పాటలు అయ్యేసరికి ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఎనిమిది మంది ఆడవాళ్ళు దిగారు. అంతా అబిగయీలు సెక్షనులో పొట్టు వలిచేవాళ్ళే. కంపెనీ బస్సు ఆగే చోట నిలబడి వాళ్ళను కూడా పిలిచింది ఎవరో అడగాల్సిన పనిలేదు. మగ్దలీనమ్మ పిలవని మనిషి ఆ చుట్టుపక్కల లేడు.

తమకు జరిగిన మేలు గురించి ఒక్కొక్కరు లేచి సాక్ష్యాలు చెప్పే వేళ అయింది. అందరికంటే ముందు లేచింది ఆ వచ్చినవాళ్ళలో రోజారమణి.

"నాకు మీ పాటలు రావు, మీ ప్రార్థనలు తెలియవు. అయినా ఒక మాట చెప్పొచ్చా అయ్యా?"

"చెప్పమ్మా," అన్నారు అయ్యగారు.

"మాది కేజీ లెక్కన కూలి. ఐసులో చేతులు పెట్టి పెట్టి మజ్జాన్నానికి వేళ్ళు ఉండాయో ఊడినాయో తెలియదు. ఈ అక్క వచ్చిన మూడో రోజే పైన ఇన్‌ఛార్జితో పోట్లాడి, ఒక మూల గోరువెచ్చని నీళ్ళ టబ్బు పెట్టించింది. గంటకొకసారి ఐదు నిమిషాలు చేతులు ముంచుకోమనింది. పని తగ్గిపోతాదని ఆయన ఒకటే అరుపులు. యాడ తగ్గింది? వేళ్ళు ఆడితే గదా పొట్టు ఊడేది!"

అందరూ నవ్వారు. రోజారమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసింది.

"నాకు ఎనిమిదేళ్ళ పాప. రోజూ పక్కింటామె జడేసేది. పోయిన వారం ఇంటికి పోయి నేనే ఏసినా. అమ్మా, నీకు జడేసేది వచ్చా అని అడిగింది నా బిడ్డ." పక్కన కూర్చున్నవాళ్ళను చూపించింది. "మొన్న ఒకరోజు అక్క సెలవు పెట్టింది. వేరే సూపర్‌వైజరు వచ్చి ఆ టబ్బు బోర్లించేసినాడు. అప్పుడు తెలిసింది మాకు, అక్క ఉంటేనే ఆ నీళ్ళు ఉంటాయని. అందుకే ఈ అక్క సల్లంగా ఉండాలని చెప్పేదానికి వచ్చినాం."

టబ్బు పెట్టించిన సంగతి అబిగయీలు ఇంట్లో చెప్పనే లేదు. చెప్పుకోవాల్సినంత పనిగా ఆమెకు తోచలేదు. లోపల బైబిల్లో ఉన్న కాగితం గుర్తుకొచ్చింది. తను నీలం టోపీ పెట్టుకున్న రోజున ఆ టబ్బు మళ్ళీ బోర్లిస్తారు. ఈ ఒక్క సంగతి తను ఎందుకు ఆలోచించలేదు?

సుశీల్ తల్లి చేతులవైపే చూస్తున్నాడు. మెల్లగా ఆమె పక్కకు జరిగాడు.

"మా, నేను బడికి పోయేటప్పుడు చొక్కా గుండీలు ఆదిశేషమ్మత్త పెట్టేది. నువ్వెప్పుడూ పెట్టేదానివి కాదు. నా మీద కోపమనుకునేవాణ్ణి."

"గుండీ పట్టుకుంటే వేళ్ళకు తెలిసేది కాదు నాయనా," అంది మగ్దలీనమ్మ. "చెప్తే నువ్వు ఏడుస్తావని చెప్పలా."

అతను తల్లి వంకర వేళ్ళను రెండు చేతుల్లోకి తీసుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"ప్రథమ ఫలం తెండమ్మా, ప్రార్థన చేద్దాం," అన్నారు అయ్యగారు.

మగ్దలీనమ్మ లేచింది. కవరు అందరికీ కనబడేలా పైకెత్తింది.

"కవర్లో ఏమీ లేదు అయ్యగారూ. నా కోడలికి జీతం పెరగలా, తగ్గింది. తెలుసుకోకుండా మీ అందరి కాడా గొప్పలు చెప్పినా, క్షమించండి. పొద్దున ఈ ఖాళీ కవరు చూసి సిగ్గుపడినా. అప్పు తెచ్చి నింపాలని చూసినా. ఇప్పుడు సిగ్గు లేదు. నేను పద్దెనిమిదేళ్ళు అడిగిన నీళ్ళు నాకెవురూ ఇయ్యలా. నా కోడలు నలభై మందికి ఇచ్చింది. దేవుడా, నీకు స్తోత్రం. ఇంతకంటే నాకేం పెరగాల?"

అబిగయీలు పరుగున వచ్చి అత్తను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "చెప్పకపోవడం నా తప్పే అత్తా," అంది. "ఊరుకోమే, నేను అడగకపోవడం నా తప్పు కాదా?" అంది మగ్దలీనమ్మ.

అయ్యగారు ఖాళీ కవరు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చేసి, దాన్ని తిరిగి ఆమె చేతికే ఇచ్చారు. "ఇది మీ దగ్గరే ఉంచండమ్మా. పెరిగిన రోజున తెద్దురుగాని."

భోజనాలయ్యాక ఆడవాళ్ళు ఎనిమిది మందీ అక్కడే చాపమీద కూర్చున్నారు. అబిగయీలు పాత కాగితం చించి పొయ్యిలో వేసి, కొత్తది రాసింది. సూపర్‌వైజరు పనిలోనే ఉంటాను, షిఫ్టు దాటి చేయించే పనికి డబ్బు కట్టివ్వండి, నేను సెలవులో ఉన్నా టబ్బు తీయకూడదని రాసివ్వండి అని. "మేనేజరు ఒప్పుకోకపోతేనో?" అన్నాడు సుశీల్. "మళ్ళా అడుగుతా," అందామె. కింద ఎనిమిది సంతకాలు పడ్డాయి. మిగతా ముప్ఫై రెండూ పొద్దున బస్సులో పెట్టిస్తానని రోజారమణి మాటిచ్చింది. సరుకులకు తక్కువపడితే నెలకు రెండు ఆదివారాలు కూడా టిప్పరు తీస్తానన్నాడు సుశీల్. ఆ కాగితాన్ని మగ్దలీనమ్మ ఖాళీ కవర్లో పెట్టి, కోడలి సంచిలో దాచింది.

సోమవారం పొద్దున ఐదు గంటలకు అబిగయీలు దువ్వెన చేతికి తీసుకుంటుంటే అత్త వచ్చి లాక్కుంది.

"కూర్చోమే."

"నీ చేతులు నొప్పెడతాయి అత్తా, బస్సుకి టైమవుతోంది."

"కూర్చోమన్నా గదా."

మూసుకోని ఆ వేళ్ళలోంచి పాయలు జారిపోతూనే ఉన్నాయి. మగ్దలీనమ్మ మళ్ళీ మళ్ళీ పట్టుకుని అల్లింది. అబిగయీలు కదలకుండా కూర్చుంది. బస్సు హారన్ రెండుసార్లు మోగినా లేవలేదు.

బస్సెక్కేసరికే జడ సగం ఊడిపోయింది. రోజారమణి చూసి, "ఇటు తిరగక్కా, సరిచేస్తా," అంది.

"వద్దులే," అంది అబిగయీలు. కంపెనీ గేటు దగ్గర ఆ జడను అలాగే చుట్టి తెల్ల టోపీ లోపల దోపుకుని, కవరు చేత్తో పట్టుకుని మేనేజరు గదివైపు నడిచింది.