పేరు లేని పన్నెండు స్టిక్కులు

ఉదయం ఎనిమిదీ పదికి గుట్టు రట్టయింది.

బెల్‌రోజ్ జూనియర్ ఐస్ హాకీ జట్టు మేనేజర్ లోర్న్ హౌగెన్‌కి పైన్‌ఫర్డ్ జట్టు మేనేజర్ ఫోన్ చేశాడు. మీ పద్నాలుగో నంబర్ కుర్రాడిని ఎలాగూ వదిలించుకుంటున్నారుగా, అతనికి బదులు, కొత్త కుర్రాళ్లని ఎంచుకునేటప్పుడు మాకొచ్చే రెండో రౌండ్ ఎంపిక ఎందుకివ్వాలి, అయిదో రౌండ్‌ది ఇస్తాం పుచ్చుకోండి అని నవ్వాడు.

ఆ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే. లోర్న్. కోచ్ టీసెన్. కొత్త ఆటగాళ్లను వెతికి తెచ్చే స్కౌట్ వెండెల్ ప్రూడెన్.

తొమ్మిదీ నలభైకి ఐరీన్ లస్తివ్కా జట్టు ఆడే మంచు రింకు ముందు కారు ఆపి, ఇంజన్ గడ్డకట్టకుండా హీటర్ తీగను గోడ ప్లగ్గులో పెట్టింది. మైనస్ ముప్పై ఒకటి. ఆమె పోలీసు సార్జెంటుగా రిటైరై ఆరేళ్లయింది. జట్టు కుర్రాళ్లను ఊళ్లో ఎవరింట్లో ఉంచాలో చూడటం ఇప్పుడు ఆమె పని. మోకాలు సలుపుతోంది. వెనక్కి పోయి పడుకుందామనిపించింది.

"మధ్యాహ్నం మూడింటికి గడువు, సార్జెంటమ్మా," అన్నాడు లోర్న్, మేడమీద తన గదిలో. "ఆ తర్వాత ఈ సీజన్‌లో ఆటగాళ్లని మార్చుకోడానికి లేదు. ఈలోగా దొంగెవరో తేల్చండి. తేలకపోతే ఈ ఉత్తరం వెండెల్ చేతిలో పెడతా."

ఐరీన్ చదివింది. ఉద్యోగంలోంచి తీసేస్తూ రెండే వాక్యాలు. నమ్మకద్రోహం అని రాసుంది. ప్రింటు తీసిన టైమ్ అడుగున పడింది. తొమ్మిది గంటలు.

"ఈ మాట బయటికి పోతే ఈ ప్రాంతంలో ఏ రింకులోనూ ఆయన్ని గడప తొక్కనివ్వరు. తెలుసా?"

"తెలుసు."

"ఆయనే చేశాడని ఏంటి నీ నమ్మకం?"

"ఆయన బావమరిది ఉండేది పైన్‌ఫర్డ్‌లోనే."

"నా మాజీ మొగుడూ అక్కడే ఉన్నాడు. నన్నూ లోపలేస్తావా?"

లోర్న్ నవ్వలేదు. అతని వెనక గోడకి బోర్డు. జట్టులో ప్రతి మనిషికీ ఒక అయస్కాంతం బిళ్ల, దానిమీద పేరు. కుర్రాళ్లు పైన, సిబ్బంది కింద. కుడి అంచున వెళ్లిపోయినవాళ్ల వరస.

పదీ పదికి కోచ్ టీసెన్ దొరికాడు.

"పద్నాలుగు సంగతి ఎప్పుడు అనుకున్నారు?"

"ఆరో తారీఖు రాత్రి. లోర్న్ వంటింట్లో."

"ఫోన్లు?"

"మాటలకి ముందే అందరివీ బుట్టలో వేయించాడు."

"తర్వాత ఎవరితోనైనా అన్నావా?"

"నా పెళ్లాంతో కూడా అన్లేదు. ఆవిడతో మాట్లాడే తీరికుంటేగా!"

వెండెల్ ఖాళీ గ్యాలరీలో ఒంటరిగా కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ ఒంపుకుంటున్నాడు. అరవై ఎనిమిదేళ్లు. మెడలో జట్టు మఫ్లర్, అంచులు చిరిగిపోయాయి.

"నింద నీ మీదకొచ్చింది పెద్దాయనా," అంది ఐరీన్.

"రానీ. ముప్పై ఒక్కేళ్లుగా ఈ బెంచీల మీద చలికి బిగుసుకుపోయాను ఐరీన్. అమ్ముకునేవాణ్ణయితే ఎప్పుడో అమ్ముకుని వెచ్చగా బతికేవాణ్ణి." ఫ్లాస్కు మూత బిగించాడు. "పోనీలే. అలిసిపోయా."

ఐరీన్ ఆయన మఫ్లర్ సర్ది వెళ్లిపోయింది.

పదకొండున్నరకి మళ్లీ లోర్న్ గది.

"పైన్‌ఫర్డ్ వాడు అన్నది అన్నట్టు చెప్పు. ఒక్క మాట వదలకు."

"ఎన్నిసార్లు చెప్పాలి? 'మీకు ఎడమ చేతివాటం పొడుగోడు దొరికాడుగా, పద్నాలుగు ఎందుకిక' అన్నాడు."

"పద్నాలుగు బదులు వచ్చేవాడి పేరు అన్నాడా?"

"లేదు... అన్లేదు."

ఐరీన్ కుర్చీలోంచి లేచింది. మోకాలు కలుక్కుమంది. అమ్మో అనుకుంటూనే మెట్లు దిగింది.

సామాన్ల గదిలో, ఆట సామాన్లు చూసే మెట్రో హ్రిట్సాక్ స్కేట్లకు పదును పెడుతున్నాడు. మూల ఒక స్టిక్కుల గుట్ట. ప్రతిదాని మీదా జట్టు వదిలి వెళ్లిన కుర్రాడి పేరు అచ్చయి ఉంది. మిషను పక్కన మేకుకి ఒక కాగితం వేలాడుతోంది. ఐరీన్ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"మెట్రో, ఇది ఇంకెవరైనా చూశారా?"

"పద్నాలుగో నంబర్ కీగన్ చూశాడు. ఎనిమిదో తారీఖున. చాలాసేపు నిలబడ్డాడు. ఏమీ అన్లేదు పాపం. స్కేట్లకి పదును పెట్టమని అడిగి వెళ్లిపోయాడు."

రెండూ అయిదు. లోర్న్, టీసెన్, వెండెల్ బోర్డు ముందు కూర్చున్నారు. ఉత్తరం టేబుల్ మీదుంది.

"గుట్టు అమ్ముకునేవాడు ముందు పేరు అమ్ముతాడు," అంది ఐరీన్. "మీ ముగ్గురికీ వచ్చేవాడి పేరు తెలుసు. పైన్‌ఫర్డ్‌కి తెలీదు. వాళ్లకి తెలిసింది చేతివాటం, పొడుగు. అంతే. మనిషి పేరు లేకుండా ఆ రెండే ఎక్కడుంటాయి?"

ఐరీన్ మెట్రో దగ్గర తెచ్చిన కాగితం జేబులోంచి తీసింది.

"స్టిక్కుల ఆర్డర్లో." ఆర్డరు నకలు టేబుల్ మీద పరిచింది. "సీజన్ చివరి ప్లేఆఫ్స్ పోటీలకి ఆఖరి ఆర్డరు. పద్నాలుగో నంబర్‌కి స్టిక్కులు సున్నా. కింద కొత్త వరస: ఎడమ వంపు, బాగా పొడుగు, పన్నెండు, పేరు ఖాళీ. ఏడో తారీఖు, పదీ నలభై. సంతకం ఎవరిది లోర్నూ?"

లోర్న్ మొహం పాలిపోయింది. "నాదే. స్టిక్కులు రావడానికి ఆరు వారాలు పడుతుంది. పోయినేడు కొత్తోడు అరువు స్టిక్కుతో ఆడి మనల్నే ఓడించాడు. ఈసారి ముందే..."

"ఆర్డరు తీసుకున్న స్టిక్కుల కంపెనీ కుర్రాడు వ్యాను తోలుకుని తర్వాత ఎక్కడికెళ్తాడు?"

"పైన్‌ఫర్డ్‌కి," అన్నాడు టీసెన్ మెల్లగా.

"ఈ ఆర్డర్ల పుస్తకం వాళ్ల టేబుల్ మీద తెరిచిపెట్టి అక్కడివాళ్లకీ ఆర్డరు రాసుకున్నాడట. ఫోన్లో అడిగా. పాపం, అతనికి తప్పు చేశానని కూడా తెలీదు. ఫోన్లు బుట్టలో వేయించింది నువ్వే, తెల్లారి కాగితమ్మీద రాసిచ్చిందీ నువ్వే."

లోర్న్ ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేశాడు. "వెండెల్... నన్ను క్షమించు. బుద్ధి గడ్డి తింది."

వెండెల్ గడియారం చూశాడు. "రెండూ పద్నాలుగు. ముందు ఆ కుర్రాడి సంగతి చూడు. నార్త్‌గేట్ జట్టు డిఫెన్సు కుర్రాడికి నిన్న మణికట్టు విరిగింది. నేనక్కడే ఉన్నా. వాళ్లకి కీగన్ కావాలి. రెండో రౌండ్ ఎంపిక ఇస్తారు. ఫోన్ చెయ్యి."

లోర్న్ చేశాడు. రెండూ యాభై ఒకటికి బేరం కుదిరింది. బోర్డు మీద కీగన్ బిళ్లని కుడి అంచుకి జరిపాడు. టీసెన్ కీగన్‌కి చెప్పడానికి కిందికి వెళ్లాడు.

మూడు దాటాక వెండెల్ లేచి మఫ్లర్ చుట్టుకున్నాడు.

"ఫోనొచ్చింది ఎనిమిదీ పదికి. నువ్వు ఉత్తరం తీసింది తొమ్మిదికి," అన్నాడు. గొంతులో కోపం లేదు. "యాభై నిమిషాలు. నాతో ఒక్క మాటన్నా మాట్లాడలేదు లోర్నూ."

బోర్డు దగ్గరికి వెళ్లాడు. సిబ్బంది వరసలోంచి తన పేరున్న బిళ్ల తీసి, కుడి అంచున కీగన్ బిళ్ల కింద పెట్టాడు. ఫ్లాస్కు చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

లోర్న్ ఐరీన్ వైపు చూశాడు. "ఆపండి సార్జెంటమ్మా. మీ మాట వింటాడు."

"దొంగని పట్టమన్నావ్, పట్టాను," అంది ఐరీన్. కోటు తొడుక్కుని, మోకాలు పట్టుకుని, ఆయన వెనకే దిగింది. ఇంత చలిలో ఆయన్ని నడిపించడం ఇష్టం లేక కారులో ఇంటిదగ్గర దింపింది.