విజిల్ లేని చెక్కభజన

శుక్రవారం పొద్దున గల్ఫ్ పట్టణం ఫింటాస్‌లోని ఒక ఫ్లాటులో పెనం మీద దోశ కాలుతోంది. నాగేశ్వర తన స్టీలు విజిల్‌ను తువ్వాలుతో తుడుస్తున్నాడు. వారమంతా అహ్మది చమురు క్షేత్రంలో పైపులతో కుస్తీ పట్టే మనిషికి సెలవు రోజొక్కటే పండగ. ఆరోజు అతను టెక్నీషియన్ కాదు, చెక్కభజన గురువు. అతను విజిల్ ఊదితేనే ఆడేవాళ్లు అడుగు మారుస్తారు.

"నాయనా, ఈ పొద్దు సాయంత్రం ప్రోగ్రాంలో విజిల్ వద్దు," అంది కూతురు రమణి, కంచంలోకి చూస్తూ.

"ఏందీ?"

"మైకులో కీచుమంటాది. అడుగు మారేచోట నేను డ్రమ్స్ మీద గట్టిగా కొడతా. నువ్వు పక్కన నిలబడి పాడితే చాలు."

చెక్కభజనకు రాక్, జాజ్ కలపాలన్న ఆలోచన రమణిదే. డ్రమ్స్ వచ్చినప్పుడు నాగేశ్వర మూతి ముడుచుకుని ఊరుకున్నాడు. స్నేహితురాలు సైరా శాక్సఫోన్ తెస్తే, పెండ్లి బ్యాండు అని నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు తన చేతిలోదే లాక్కుంటుంటే నవ్వు రాలేదు.

"వాళ్ల కాళ్లకు గజ్జె కట్టినోడిని నేను. పక్కన నిలబడాల్నా?"

"నీ భజన చూసేకి వయసు పిల్లోళ్లు ఒక్కరన్నా వస్తాండారా నాయనా? వచ్చినోళ్లు సెల్లు చూసుకుంటా కూర్చుంటారు. ఇట్ల మారిస్తేనన్నా బతుకుతాది."

మాట సూటిగా తగిలింది. అది నిజం కావడమే అసలు బాధ.

"అయితే ఖలాస్! కారులో దింపుతా, అంతే. పాడను, ఆడను."

విజిల్ బల్ల మీద పడేసి లేచాడు. దోశ ముట్టనే లేదు.

సుధారాణి అట్లకాడతోనే వంటింట్లోంచి వచ్చింది. "ఏం మాటలు పాపా అవి? ఈ దేశమొచ్చిన కొత్తల్లో మీ నాయన రూములో ఒక్కడే కూర్చోని ఏడ్చేవాడంట. ఈ విజిలే నలుగురు మనుషుల్ని తెచ్చిపెట్టింది." అంటూనే దాన్ని తీసి కూతురి సంచిలో వేసింది.

సబ్హాన్‌లో తెలిసినవాళ్ల గోదాములో రిహార్సల్. నాగేశ్వర కారు దిగలేదు. అయినా అద్దం దించుకుని, చెవులు గోదాములోనే పెట్టాడు.

పాట బాగానే మొదలైంది. తర్వాత సైరా శాక్సఫోన్ అందుకుంది. మనసుకు తోచినట్టు ఊదడమే ఆ జాజ్ సంగీతం అందం. ఆమె పొడిగిస్తూ పోయింది. ఆ మోతలో డ్రమ్స్ మీద ఏ దెబ్బ అడుగు మార్చమన్నదో, ఏది మామూలుదో ఆడేవాళ్లకు తెలియలేదు. సగం మంది తిరిగారు, సగం మంది తిరగలేదు. ఆడేవాళ్లలో మునీంద్ర మోచెయ్యి పక్కనున్న పుల్లయ్య ముక్కుకు తగిలింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అదే గందరగోళం.

"అన్న లేకుంటే మాకు కాళ్లు ఆడవు పాపా," అన్నాడు పుల్లయ్య ముక్కు పట్టుకుని.

రమణి సంచిలోంచి విజిల్ తీసి కారు దగ్గరకు పరిగెత్తింది.

"నాయనా, రా."

"కీచుమంటాదంటివే?"

"మైకు దూరం పెడతా. నిన్ను పక్కన నిలబడమనింది నాదే తప్పు."

వచ్చాడు. కానీ పాత అలవాటు చొప్పున, సైరా ఊపు మీదున్నప్పుడే విజిల్ ఊదేశాడు. సైరా బిత్తరపోయి ఆపేసింది. నాగేశ్వర విజిల్‌ను నోట్లోంచి తీసేశాడు.

"చూసినావా? ఈ యమ్మి పాట యాడ ముగుస్తాదో నాకేం తెలుసు? నాతో కాదులే, వదిలేయ్."

రమణి అతని చెయ్యి పట్టుకుంది. "నాకు తెలుసు నాయనా. సైరా ముగించేముందు నేను డ్రమ్ము పుల్ల పైకెత్తుతా. నువ్వు నన్ను చూసి ఊదు. వాళ్లు నీ విజిల్ వింటారు."

ఈసారి నాగేశ్వర ఆటగాళ్ల నడుమ నిలబడి కూతురి చేతినే చూశాడు. పుల్ల లేచింది. విజిల్ మోగింది. గజ్జెలన్నీ ఒక్కసారిగా తిరిగాయి. సైరా నవ్వుతూ ఇంకా పైకి అందుకుంది.

పాట ఆగాక అతను డ్రమ్స్ దగ్గరకొచ్చి, ఇంకెవరికీ వినపడకుండా అన్నాడు. "సాయంత్రం ఆ పుల్ల ఇంకొంచెం పైకెత్తు మే. నాకు అంత దూరం చూపు ఆనడంల్యా."

ఆ సంగతి రమణికి ఇన్నాళ్లూ తెలియదు. ఆమె కళ్లు నిండిపోయాయి.

"ఎత్తుతా నాయనా," అంది.