మల్‌సున్ చేతి కిమ్చి

ఉదయం 7:40. స్టేషన్‌కు ఫోన్ వచ్చింది.

"మా ఆవిడ కిమ్చి ఎవరో ఎత్తుకుపోయారు. డబ్బాలో వేరేది పెట్టిపోయారు."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక ఫోన్ ఇన్‌స్పెక్టర్ బాన్ సొక్‌హో చేతికిచ్చాడు. బాన్ నవ్వలేదు. విడాకులయ్యాక రెండేళ్లుగా కొనుక్కొచ్చిన కిమ్చితోనే, ఆ పులిసిన క్యాబేజీ పచ్చడితోనే, అన్నం తింటున్న మనిషి ఆయన.

8:15. డేజాన్‌లో పాత అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. డెబ్బై ఆరేళ్ల తక్ యొంగ్‌మున్ కిమ్చి ఫ్రిజ్ తెరిచి చూపించాడు. ఒకటే డబ్బా. పది కిలోలది. నిండుగా ఉంది.

"మల్‌సున్ చివరిసారి పెట్టింది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. నిన్న మధ్యాహ్నం నుంచీ నోట్లో పెట్టుకుంటే వట్టి ఉప్పు. ఇది ఆవిడ చేతిది కాదు సార్."

"తలుపు తాళం నంబర్ ఎవరికి తెలుసు?"

"నాకు. ఇంచాన్‌లో మావాడికి. ఎదురింటి యొమ్ గారికి."

"కొడుకు ఎప్పుడొచ్చాడు?"

"వాడా? ఆరు నెలలైంది ఈ గడప తొక్కి."

"మీరు ఇంట్లో లేని టైమ్?"

"మంగళవారం తొమ్మిదికి ఊరుమ్మడి స్నానశాలకి పోతాను. పదకొండుకి వస్తాను."

నిన్న మంగళవారం.

బాన్ ఒక ముక్క చీల్చి రుచి చూశాడు. ఉప్పు కషాయం. అయినా ఆకుల మడతల్లో పులిసిన చేప ముక్కలున్నాయి.

"చేప వేస్తారా?"

"పోహాంగ్ వాళ్ల పద్ధతి. మా ఆవిడది ఆ ఊరే."

"రోజుకెంత తింటారు?"

"మూడు పూటలా. పూటకో చిన్న గిన్నెడు."

9:05. ఎదురింటి యొమ్ గ్యొంగ్‌జాను పిలిపించారు. డెబ్బై దాటిన ఒంటరి మనిషి. కుర్చీ అంచున కూర్చుంది.

"దొంగ అయితే శ్రమపడి చేప ముక్కలు పెట్టడు," అన్నాడు బాన్. "పెట్టింది ఆ వంట తెలిసిన మనిషి. ఇక తక్ గారూ, పది కిలోలు. రోజుకు వంద గ్రాములే అనుకున్నా వంద రోజులకి అయిపోవాలి. మీరు నాలుగేళ్లుగా తింటున్నారు."

తక్ డబ్బా వైపు చూశాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆ డబ్బా ఎప్పుడు తెరిచినా నిండుగానే ఉండేది. ఎవరు నింపుతున్నారో ఆ మహానుభావుడు ఒక్కరోజూ ఆలోచించలేదు. ఆవిడ పోయాకా ఆలోచించలేదు.

"మల్‌సున్ అక్క పోయేముందు చెప్పింది," అంది యొమ్, తల వంచుకుని. "ఆయనకి డబ్బా ఖాళీగా కనిపించకూడదని. ఏటా చలికాలం ముందు ఇద్దరం కలిసి ఏడాదికి సరిపడా పెట్టేవాళ్లం కదా. తర్వాత నేనొక్కదాన్నే పెట్టి మా ఇంట్లో దాచి, మంగళవారాలు వచ్చి ఈ డబ్బా నింపుతున్నాను."

"మరి ఈసారి ఉప్పు?"

"అక్టోబరులో జ్వరమొచ్చాక నా నాలుకకి రుచి పోయింది. అందాజుగా వేశాను. చూసి చెప్పమందామంటే ఇంట్లో రెండో నాలుక ఏదీ?"

"అంటే ఇన్నాళ్లూ నేను తిన్నది..."

"నేను పెట్టిందేనండీ."

తక్ కళ్లు నిండాయి. చోరీ కాలేదన్న సంతోషం ఆ ముఖంలో లేదు.

"అయితే మల్‌సున్ చేతి రుచి నేనెప్పుడో మర్చిపోయానన్నమాట."

బాన్ నోట్‌బుక్ మూసేశాడు. రాసుకోవడానికి నేరం లేదు.

యొమ్ లేచింది. "డబ్బా ఇవ్వండి. పారబోసి వస్తాను."

తక్ మూత మీద చెయ్యి వేశాడు.

"రేపు ఒక్క క్యాబేజీ తెండి," అన్నాడు. "ఉప్పు నేను చూస్తాను."