రెండో బ్రేకు

కొండ మీద వ్యూపాయింట్ దగ్గర కారు ఆగింది. నడుపుతున్నాయన ఆపలేదు. పక్కన కూర్చున్న భార్యా ఆపలేదు.

ఆ చోటికి ముందునుంచీ మంచి పేరు లేదు. డ్రైవింగ్ నేర్పే ఒకాయన అక్కడే కారుతో సహా సముద్రంలో పడిపోయాడట. శిష్యుడు దూకి బతికాడు. గురువుగారు మాత్రం... ఇంకా పాఠం ముగించలేదని చెప్పుకుంటారు.

కింద బీచ్‌లో టీ పోసినవాడు ఇదంతా చెప్పి, "చీకటి పడ్డాక అక్కడ ఆగకండమ్మా" అన్నాడు.

"మీవాళ్ళే," అన్నాడు భర్త, పెళ్ళాంతో. "పోయినా నస మానరు."

ఆవిడది డ్రైవింగ్ స్కూలు. ఊళ్ళో సగం మందికి నేర్పింది. మొగుడు మాత్రం మొదటి పాఠంలోనే గోడను గుద్ది, పదేళ్ళు స్టీరింగ్ ముట్టలేదు. ఈమధ్యే మళ్ళీ ధైర్యం చేశాడు. సముద్రం పక్కనే, కనిపించిన ప్రతి బీచ్‌లోనూ ఆగుతూ, తీరిగ్గా తనే నడుపుకొస్తున్నాడు. తెచ్చింది స్కూలు కారు. పక్కసీటు దగ్గర గురువు కాలికి అందేలా రెండో బ్రేకు ఉంటుంది.

"అది తొక్కావో, తాళాలు నీ చేతిలో పెట్టేస్తా. ఇక జన్మలో నడపను," అని బయల్దేరేటప్పుడే చెప్పాడు.

అన్నంత పనీ చేసే మనిషి. తన కాలు మాట వినదని తెలిసి ఆవిడ రెండు కాళ్ళూ మడిచి సీటు మీదే బాసింపట్టు వేసుకుంది.

కొండెక్కేసరికి చీకటి పడింది. మంచు దిగింది. "సముద్రం చూసి పోదాం," అని ఆయన వ్యూపాయింట్ వైపు తిప్పాడు. వద్దనబోయి ఊరుకుంది. పాఠం చెప్పినట్టుంటుందని.

కారు మెల్లగా ముందుకు పోతోంది... ఇంకాస్త... ఇంకాస్త...

ఆవిడ సీటు ముందు, చీకట్లో, ఏదో కిర్రుమంది.

కారు ఠక్కున ఆగింది. ఇంజనూ ఆగిపోయింది.

లైట్ల వెలుగులో చూస్తే — రెయిలింగ్ లేదు. మూరెడు నేల. ఆ తర్వాత ఏమీ లేదు. కిందెక్కడో అలల చప్పుడు.

"నువ్వు..." ఆయన పక్కకు తిరిగాడు. "తొక్కావా?"

ఆవిడ మడిచిన కాళ్ళ వంక చూసుకుంది. వంగి పెడల్ తడిమింది. తడిగా ఉంది. కిందికి నొక్కి ఉంది. చెయ్యి తగలగానే అది మెల్లగా పైకి లేచింది — ఎవరో కాలు తీసినట్టు.

ఉన్నమాట చెబితే ఈయన భయపడి, కారు వదిలేసి కొండ నడిచి దిగుతాడు. తానే తొక్కానంటే తాళాలు చేతికొస్తాయి.

"మీరే ఆపారు," అంది.

"నా కాలు బ్రేకు మీద లేదే?"

"నేర్చుకున్నాక అంతే. బుర్రకన్నా ముందు కాలే చూసుకుంటుంది. రివర్స్ వెయ్యండి."

వేశాడు. కొండ దిగేదాకా ఈల కూడా వేశాడు.

ఇప్పుడు ఇంటికెవరొచ్చినా ఆ బ్రేకు కథే. "కావాలంటే మా ఆవిణ్ణి అడగండి," అంటాడు. అడిగితే ఆవిడ, "ఔను, మావారే ఆపారు," అంటుంది. ఇదే చెప్పాలని ఆ రాత్రి నిశ్చయించుకుంది. ఇంతవరకూ మాట మార్చలేదు.