చెరుకు మిల్లు వెనుక నల్లగుంత

జరగండ్రి పిల్లలూ, ముందుకు జరగండ్రి. సాయవ్వా, నువ్వు దీపం పక్కకు రా. భయమైతే పక్కోళ్ల చెయ్యి పట్టుకో... నాది మాత్రం వద్దు.

అప్పట్ల బోధన్ దారిన ఒక చెరుకు మిల్లు ఉండె. దాని వెనుక నల్లగుంత. పొద్దుగూకినంక అటు దిక్కు ఎవరూ పోకపోయేది. మబ్బు లేకున్నా అక్కడ వాన చప్పుడు... నడుమ నడుమ ఎవరిదో గొంతు పిసికినట్టు— హూఁ...!

ఈ సంగతి బండి తోలే భీమన్న నాకు చెప్పిండు.

చందూర్ లింబాద్రి చెరుకు బండి కట్టుకొని మిల్లుకు వచ్చిండు. చెరుకు తూచే కాటా ముందు బండ్ల లైన్. ఆయన చెరుకు అప్పటికే వాడింది. ఇంకో రోజు ఆగితే ఎండి, తూకం పడిపోతది. అంతల ఎద్దులు దూపకు నాలుకలు బయటపెట్టినయి.

"నీళ్లు తెస్త, భీమన్నా. బండి జర సూస్తుండు."

"నీ వంతుకు రాకపోతే లైన్ చివరికి నూకుతరు. ఇగో... నల్లగుంత దిక్కు మాత్రం పోకు!"

కానీ నీళ్ల చప్పుడు వినబడేది అటే. లింబాద్రి బకెట్ పట్టుకొని అటే నడిచిండు.

చీకట్ల ఎత్తైన ఇనుప గోపురం. లోపల వాన... దడదడదడ. పక్కన గొట్టంల నుంచి— హూఁ...!

"ఎవలు... ఎవలది?"

మెడ మీద వెచ్చటి చుక్క ఒకటి పడ్డది... ఇంకొకటి... అంతల మీదికెళ్లి బుస్సున—

బకెట్ అక్కడ, లింబాద్రి ఇక్కడ. ఉరుకుడే ఉరుకుడు!

"భీమన్నా!" అని లైన్ కాడికొచ్చి కేకేసిండు. భీమన్న తిరిగి సూసిండు. నల్లటి ఒళ్లు, నల్లటి తలపాగ, రెండు తెల్లటి కండ్లు...

"అవ్వో! నల్లగుంత దెయ్యం!"

భీమన్న బండి దుంకిండు. ఆయనెంబడి బండ్లోళ్లంతా చెరుకు తోటలల్ల పడ్డరు.

కాటా కాడ తూకం రాసే ఆత్మారాం ఒక్కడే కదలలేదు. కడుపు పట్టుకొని నవ్విండు.

ఎందుకంటే, మిల్లు మసి ఊరి మీద పడకుండ అక్కడ పొగకు స్నానం చేయిస్తరు. గోపురంల మీదికెళ్లి వాన పోస్తే మసి తడిసి కిందికి దిగుతది. ఇంకో తీరుల గొట్టాన్ని నడుమ ఇరుకు చేస్తరు. పొగ అండ్లకెళ్లి ఉరుకుతుంటే నీళ్లు తుంపరలై మసిని పట్టుకుంటయి. ఆ ఇరుకుల నుంచే హూఁ! కడిగిన నల్లనీళ్లు గుంతల పడతయి. ఆ రోజు పైపు అతుకు ఊడి, ఆ నీళ్లు లింబాద్రి మీద పడ్డయి. అంతే.

"లైన్ల ఎవరూ లేరు గద," అన్నడు ఆత్మారాం. "పక్క నుంచి తోలుకొని రా. ఎద్దులకు నీళ్లు నేనిస్త."

అందరికన్న ముందు లింబాద్రి చెరుకే తూగింది.

మర్నాడు పొద్దుగూకంగనే కాటా ముందు లొల్లి. మొహాల నిండ మసి పూసుకొని దెయ్యాలు, ఒకటెనుక ఒకటి, "హూఁ" అనుకుంట వస్తున్నయి. ముందటి దెయ్యం— భీమన్న!

ఆత్మారాం కళ్లద్దాలు తుడుచుకొని సూసిండు.

"దెయ్యాలైనా సరే... లైన్ల నిలబడాలె!"

ఇగ లేవండ్రి, ఇంట్ల అన్నం సల్లారుతది. మొహాలు కడుక్కొనే కూసోండ్రి. నల్ల మొహంతోని పోతే, మీ అవ్వ గూడ లైన్ల నిలబెడుతది.